కెర్నెల్ లింకింగ్: సింబళ్ల చిక్కు విప్పే దారి

కెర్నెల్ చివరికి ఒకే ఫైలు. రాసేటప్పుడు మాత్రం అది పదుల కొద్దీ సీ ఫైళ్లు, వాటికి తోడు కొన్ని అసెంబ్లీ ఫైళ్లు. కంపైలర్ ఒక్కో ఫైలును విడిగా చూస్తుంది. పక్క ఫైలులో ఏముందో దానికి తెలియదు. థ్రెడ్ ఫైలులోంచి టైమర్ ఫైలులోని ఫంక్షన్‌ను పిలిస్తే, అడ్రస్ ఉండాల్సిన చోటును ఖాళీగా వదిలి, అక్కడికి ఫలానా పేరు గలదాని అడ్రస్ రావాలని ఆబ్జెక్ట్ ఫైలులో నమోదు చేస్తుంది. ఆ పేరే సింబల్, ఆ నమోదు రీలొకేషన్. ఇలాంటి నమోదులన్నీ పోగుచేసి, ప్రతి పేరుకూ ఒక చోటు నిర్ణయించి, ఖాళీలు నింపేది లింకర్.

రైల్వే ఊళ్లో పెరిగినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఖరగ్‌పూర్ స్టేషన్ కోడ్ కేజీపీ, పక్కనే ఉన్న హిజ్లీ కోడ్ హెచ్‌ఐజే. రిజర్వేషన్ ఫారంలో కోడ్ రాస్తే చాలు, ఆ స్టేషన్ ఏ కిలోమీటరు రాయి దగ్గరుందో రాయనక్కర్లేదు. పట్టాలు జరిపినా కోడ్ మారదు. ఒకే కోడ్ రెండు స్టేషన్లకు ఉండదు. లేని కోడ్‌కు టికెట్ పుట్టదు. సింబళ్లకు వర్తించే ముఖ్య నియమాలు ఈ మూడే.

మరి మామూలు ప్రోగ్రాం రాసేటప్పుడు ఎదురుకాని తిప్పలు కెర్నెల్ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మొదలవుతాయి? మామూలు ప్రోగ్రాం కింద ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. సీ లైబ్రరీని తెచ్చి కలిపేది, సున్నాలు కావలసిన మెమరీని సున్నాలతో నింపేది, మెయిన్ ఫంక్షన్‌ను పిలిచేది వేరేవాళ్లు. కెర్నెల్ కింద ఎవరూ ఉండరు. లింకర్ వేసిన అడ్రసే ఆఖరి మాట. అందుకే లింకర్ ఏం చేసిందో మెషిన్ బూట్ చేయకముందే చదివి చూసుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఈ పని తేలిక, లేనివాళ్లకు రాత్రుళ్లు జాగారం.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. అదే ఊళ్లో, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీకి ఆంధ్ర, తెలంగాణల నుంచి ఏటా విద్యార్థులు వస్తారు. అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగం 1980లో ఏర్పడింది. దాని ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో పింటోస్ మీద అసైన్‌మెంట్లు ఇచ్చిన సంవత్సరాలున్నాయి. పింటోస్ అనేది స్టాన్‌ఫర్డ్‌లో బెన్ ఫాఫ్ 2004లో రాసిన చిన్న బోధనా కెర్నెల్. చిన్నదే అయినా అందులో ఎదురయ్యే చిక్కులు అసలు కెర్నెళ్లలో ఎదురయ్యేవే. అందుకే ఈ అధ్యాయంలో ఉదాహరణలు ఎక్కువగా దాని నుంచీ, కొన్ని ఎమ్ఐటీ వారి ఎక్స్‌వీ6 నుంచీ, కొన్ని లైనక్స్ నుంచీ వస్తాయి.

1. ముందు ఆ ఎర్రర్ ఏ కుటుంబానిదో గుర్తుపట్టాలి

లింకర్ తెర నిండా ఎర్రర్లు కుమ్మరించినా, చిక్కులు ఎక్కువగా నాలుగు రకాలే. పేరు అడిగారు, ఎవరూ ఇవ్వలేదు: అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్. ఒకే పేరు ఇద్దరు ఇచ్చారు: మల్టిపుల్ డెఫినిషన్. పేరు దొరికింది, కానీ అడ్రస్ ఆ ఖాళీలో పట్టలేదు: రీలొకేషన్ ట్రంకేటెడ్. నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే దానికి మెసేజే ఉండదు. లింకింగ్ సాఫీగా అయిపోతుంది, కెర్నెల్ బూట్ అయ్యాక కూలిపోతుంది.

ఈ గుర్తింపుకు కావలసిన పరికరం ఎన్ఎమ్ అనే చిన్న కమాండ్. ఆబ్జెక్ట్ ఫైలు ఇస్తే అందులోని సింబళ్లన్నిటినీ పక్కన ఒక అక్షరంతో చూపిస్తుంది. టీ ఉంటే కోడ్, డీ ఉంటే విలువ పెట్టిన డేటా, బీ ఉంటే సున్నాలతో మొదలయ్యే బీఎస్ఎస్, ఆర్ ఉంటే చదవడానికి మాత్రమే, యూ ఉంటే ఇంకా ఎవరూ ఇవ్వని పేరు. టీ, డీ, బీ, ఆర్ పెద్ద అక్షరాల్లో ఉంటే ఆ పేరు బయటి ఫైళ్లకు కనిపిస్తుంది. చిన్న అక్షరాల్లో ఉంటే ఆ ఫైలుకే పరిమితం. ఈ కొద్దిపాటి అక్షరాలు నోటికి వస్తే సగం పని అయినట్టే.

2. "లేదు" అన్న పేరు ఎవరు అడిగారో చూడాలి

హాస్టల్ గదుల్లో తరచూ వినిపించే సంభాషణ ఒకటుంది.

"అన్నా, ఫంక్షన్ రాశాను, కంపైల్ కూడా అయింది. అయినా లేదంటోంది."

"రాశావు సరేరా, లింకర్‌కి ఇచ్చావా?"

పింటోస్‌లో కొత్త సీ ఫైలు చేర్చినప్పుడు దాని పేరును మేక్‌ఫైల్-డాట్-బిల్డ్‌లోని సోర్స్ జాబితాలో కూడా రాయాలి. రాయకపోతే ఆ ఫైలును ఎవరూ ముట్టరు. హెడర్‌లో డిక్లరేషన్ ఉంది కాబట్టి పిలిచిన ఫైలు హాయిగా కంపైల్ అవుతుంది, లింకర్ దగ్గర గొంతులో పడుతుంది. కాబట్టి మొదటి తనిఖీ ఎప్పుడూ ఇదే: ఆ పేరును ఇవ్వాల్సిన ఆబ్జెక్ట్ ఫైలు అసలు పుట్టిందా? పుట్టి ఉంటే ఎన్ఎమ్‌తో తెరిచి, ఆ పేరు పక్కన పెద్ద టీ ఉందా, చిన్న టీ ఉందా చూడాలి. చిన్న టీ ఉంటే ఎక్కడో స్టాటిక్ అని రాసినట్టు. అసెంబ్లీలో రాసిన లేబుల్ అయితే గ్లోబల్ అని ప్రకటించడం మరచినట్టు. సీ++లో రాసిన ఫంక్షన్ అయితే కంపైలర్ ఆ పేరుకు తోకలు తగిలించి ఉంటుంది. ఎక్స్‌టర్న్-సీ అని రాస్తే తోకలు పోతాయి.

ఇంకో రకం అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ కొత్తవాళ్లను బాగా బెదరగొడుతుంది. ఎవరూ రాయని, ఎవరూ పిలవని పేరు కావాలని లింకర్ అడుగుతుంది. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? కంపైలర్ నుంచి. ఒక పెద్ద స్ట్రక్చర్‌ను మరో దానికి ఈక్వల్ గుర్తుతో అప్పగిస్తే కంపైలర్ దాన్ని మెమ్‌కాపీ పిలుపుగా మార్చవచ్చు. మెమ్‌కాపీ, మెమ్‌మూవ్, మెమ్‌సెట్, మెమ్‌కంపేర్ ఈ నాలుగూ కెర్నెల్‌లో కూడా ఉండాలని జీసీసీ ముందే షరతు పెట్టింది. ఫ్రీస్టాండింగ్ ఆప్షన్ ఇచ్చినా ఆ షరతు పోదు. కాబట్టి సొంత కెర్నెల్ మొదలుపెట్టేవాళ్లు మొదటి రోజే ఆ నాలుగూ రాసి పెట్టుకోవాలి.

భాగహారం సంగతి ఇంకా ఆసక్తికరం. పింటోస్ నడిచేది 32 బిట్ల ఎక్స్86 మీద. మొదటి ప్రాజెక్టులో అడ్వాన్స్‌డ్ షెడ్యూలర్ రాయాలంటే సిస్టమ్ మీద సగటు భారాన్ని భిన్నాల్లో లెక్కకట్టాలి. కెర్నెల్‌లో ఫ్లోటింగ్ పాయింట్ లేదు. అందుకే 17.14 పద్ధతిలో పూర్ణాంకాలతోనే భిన్నాలు నడుపుతారు. అందులో భాగహారానికి 64 బిట్ల సంఖ్య కావాలి. 32 బిట్ల ప్రాసెసర్ మీద 64 బిట్ల భాగహారానికి కంపైలర్ డివ్-డీఐ-3 అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. మామూలు ప్రోగ్రాంలో అది లిబ్‌జీసీసీ నుంచి చడీచప్పుడు లేకుండా వస్తుంది. పింటోస్‌లో ఎర్రర్ రాకపోవడానికి కారణం, లిబ్ ఫోల్డర్‌లోని అరిథ్‌మెటిక్ ఫైలులో ఆ ఫంక్షన్‌ను దాని రచయిత ముందే రాసి ఉంచడం. అదే కోడ్‌ను సొంత 32 బిట్ల కెర్నెల్‌లోకి తెచ్చుకుంటే పేరు లేదన్న ఎర్రర్ తప్పదు. లైనక్స్‌లో అయితే 64 బిట్ల భాగహారాన్ని నేరుగా రాయకుండా డూ-డివ్ లాంటి ప్రత్యేక సాధనాలు వాడడం ఆనవాయితీ.

స్టాక్-చెక్-ఫెయిల్ లేదని వస్తే అది ఉబుంటు జీసీసీ తనంతట తాను వేసిన స్టాక్ రక్షణ. నో-స్టాక్-ప్రొటెక్టర్ అనే ఆప్షన్‌తో దాన్ని ఆపాలి. గ్లోబల్ ఆఫ్‌సెట్ టేబుల్ లేదని వస్తే, కోడ్ ఎక్కడైనా నడిచేలా కంపైల్ అయిందని అర్థం. ఉబుంటు 16.10 నుంచి ఇది మామూలైంది. ఎక్స్‌వీ6 మేక్‌ఫైల్‌లో దీన్ని ఆపడానికే ప్రత్యేకంగా వరుసలున్నాయి. పాత ల్యాబ్ కోడ్‌ను కొత్త ల్యాప్‌టాప్ మీద బిల్డ్ చేసేవాళ్లు ఎర్రర్‌ను చూసి తమ కోడ్‌ను తప్పుపట్టుకునే ముందు ఈ రెండూ చూసుకోవడం మంచిది.

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్‌ను పింటోస్ పాఠంగా మార్చిన తీరు మెచ్చుకోదగ్గది. పొడవు చూడకుండా కాపీ చేసే స్టర్‌కాపీ కెర్నెల్‌లో ప్రమాదం. అందుకే స్ట్రింగ్ హెడర్‌లో ఆ పేరును మ్యాక్రోతో "డోంట్ యూజ్ స్టర్‌కాపీ యూజ్ స్టర్-ఎల్-కాపీ" అనే లేని పేరుగా మార్చారు. పొరపాటున వాడితే లింకర్ ఆ పొడుగాటి పేరు దొరకలేదని చెబుతుంది. ఎర్రర్ మెసేజే సలహా. స్టర్‌క్యాట్, స్టర్‌టోక్, ఎస్‌ప్రింట్‌ఎఫ్‌లకూ ఇదే ఏర్పాటు. ఎర్రర్‌ను చివరి అక్షరం దాకా చదివేవాళ్లకు ఇక్కడ క్షణంలో దారి దొరుకుతుంది.

3. ఒకే పేరు రెండుసార్లు వస్తే హెడర్ వైపు చూడాలి

ఒక విద్యార్థి పైన చెప్పిన 17.14 లెక్కల కోసం ఫిక్స్‌డ్-పాయింట్ హెడర్ తయారుచేసి, కూడిక, గుణకారం, భాగహారం ఫంక్షన్లన్నీ అందులోనే రాశాడనుకోవాలి. థ్రెడ్ ఫైలు ఒక్కటే దాన్ని ఇన్‌క్లూడ్ చేసినంత కాలం అంతా బాగానే ఉంటుంది. మరో ఫైలు కూడా ఇన్‌క్లూడ్ చేసిన నిమిషంలో మల్టిపుల్ డెఫినిషన్ ఎర్రర్లు వరసకడతాయి. హెడర్ గార్డ్ పెట్టాను కదా, మళ్లీ ఎందుకు? గార్డ్ పనిచేసేది ఒక ఫైలు లోపలే. రెండు సీ ఫైళ్లు విడివిడిగా రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లవుతాయి, రెండింటిలోనూ అదే పేరు పెద్ద టీతో కూర్చుంటుంది. లింకర్‌కు రెండూ సమానమే, ఒకదాన్ని ఎంచుకునే హక్కు దానికి లేదు. ఆ ఫంక్షన్ల ముందు స్టాటిక్ ఇన్‌లైన్ అని రాస్తే అవి ఏ ఫైలుకు ఆ ఫైలువే అవుతాయి, గొడవ పోతుంది.

వేరియబుల్స్ విషయంలో చరిత్ర కొంచెం వేరు. హెడర్‌లో విలువ పెట్టకుండా ఒక గ్లోబల్ వేరియబుల్ రాసి, నాలుగు ఫైళ్లలో ఇన్‌క్లూడ్ చేసినా పాత జీసీసీ ఊరుకునేది. అలాంటివాటిని కామన్ సింబళ్లుగా గుర్తించి లింకర్ ఒకటిగా కలిపేసేది. 2020లో వచ్చిన జీసీసీ 10 ఆ సౌకర్యాన్ని మామూలుగా ఆపేసింది. దాంతో ఏళ్ల తరబడి బిల్డ్ అయిన కోడ్ ఒక్కసారిగా మొరాయించింది. లైనక్స్ సోర్స్‌లోని డివైస్ ట్రీ కంపైలర్ కూడా వైవైలాక్ అనే వేరియబుల్ రెండు చోట్ల ఉందంటూ ఇదే ఎర్రర్‌తో ఆగిపోయింది. ఎఫ్-కామన్ ఆప్షన్ ఇచ్చి పాత పద్ధతికి పోవచ్చు. కానీ అది తప్పును దాచడమే. హెడర్‌లో ఎక్స్‌టర్న్ అని ప్రకటించి, ఒకే ఒక్క సీ ఫైలులో వేరియబుల్‌ను నిర్వచించడం సరైన పని.

4. లింకర్‌కు టైపులు తెలియవని గుర్తుంచుకోవాలి

సింబల్ టేబుల్లో పేరు, అడ్రస్, సైజు, అది ఫంక్షనా డేటానా అన్నంతవరకే ఉంటుంది. అది పూర్ణాంకమా, పాయింటరా, ఎన్ని ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది అన్నది ఉండదు. ఒక ఫైలులో 64 బిట్ల టిక్స్ వేరియబుల్ ఉండి, ఇంకో ఫైలులో ఎవరో దాన్ని 32 బిట్ల ఎక్స్‌టర్న్‌గా సొంతంగా రాసుకుంటే లింకర్ నోరు మెదపదు. సీ ఫైలులో చేత్తో ఎక్స్‌టర్న్ రాయడం మానేసి, డిక్లరేషన్‌ను హెడర్‌లో పెట్టి, నిర్వచించే ఫైలులో కూడా అదే హెడర్‌ను ఇన్‌క్లూడ్ చేస్తే, తేడా ఉన్నప్పుడు కంపైలరే పట్టుకుంటుంది.

5. లింకర్ స్క్రిప్ట్ ఇచ్చే సింబల్‌కు విలువ ఉండదు, అడ్రసే ఉంటుంది

ఈ ఒక్క విషయం అర్థమైతే నోరులేని తప్పుల్లో చాలా వాటికి మందు దొరికినట్టే. కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

కెర్నెల్‌కు తన ఒళ్లు తనకు తెలియాలి. కోడ్ ఎక్కడ ముగిసింది? బీఎస్ఎస్ ఎక్కడ మొదలైంది? తన తర్వాత ఖాళీ మెమరీ ఎక్కడి నుంచి? ఇవి సీ కోడ్‌కు తెలిసే అవకాశం లేదు. అన్నీ పేర్చేది లింకర్ కాబట్టి దానికే తెలుసు. లింకర్ స్క్రిప్ట్‌లో చుక్క గుర్తు అంటే ప్రస్తుత అడ్రస్. ఒక పేరుకు ఆ చుక్కను అప్పగిస్తే ఆ అడ్రస్‌తో కొత్త సింబల్ పుడుతుంది. పింటోస్ స్క్రిప్ట్ ఇలా స్టార్ట్-బీఎస్ఎస్, ఎండ్-బీఎస్ఎస్, ఎండ్-కెర్నెల్-టెక్స్ట్ వంటి పేర్లు ఇస్తుంది. ఎక్స్‌వీ6 స్క్రిప్ట్ ఈటెక్స్ట్, ఎండ్ అనే పేర్లు ఇస్తుంది.

సీ కోడ్‌లో మామూలు వేరియబుల్ పేరు రాస్తే కంపైలర్ ఆ అడ్రస్‌కు వెళ్లి అక్కడున్న విలువ చదువుతుంది. స్క్రిప్ట్ సింబల్‌కు ఆ అడ్రస్‌లో ఎవరూ ఏ విలువా పెట్టలేదు. అడ్రసే కావలసిన సమాచారం. అందుకే పింటోస్‌లో స్టార్ట్-బీఎస్ఎస్‌ను క్యారెక్టర్‌గా ప్రకటించి, వాడిన ప్రతిచోటా ముందు యాంపర్‌సాండ్ పెట్టారు: ఆ అడ్రస్ నుంచి ఎండ్-బీఎస్ఎస్ అడ్రస్ దాకా సున్నాలు నింపమని మెమ్‌సెట్‌కు చెప్పారు. ఎక్స్‌వీ6లో ఎండ్‌ను క్యారెక్టర్ అర్రేగా ప్రకటించారు. అర్రే పేరు దానంతట అదే అడ్రస్ కాబట్టి యాంపర్‌సాండ్ అక్కర్లేదు. రెండూ సరైనవే. అర్రే పద్ధతిలో మరచిపోవడానికి ఏమీ లేదు కాబట్టి కొత్తవాళ్లకు అదే మేలు.

యాంపర్‌సాండ్ మరచి, ముగింపులోంచి మొదలును తీసేస్తే ఏమవుతుంది? రెండు చోట్లా ఉన్న ఏవో బైట్ల తేడా వస్తుంది. కంపైలర్ హెచ్చరించదు, లింకర్ అడ్డుకోదు. బీఎస్ఎస్‌లో కొంత భాగమే సున్నా అవుతుంది, లేదా ఏ మాత్రం కాదు. ఎమ్యులేటర్‌లో మెమరీ మొదట్లో సున్నాలతో ఉండడం వల్ల చాలాసార్లు ఆ తప్పు బయటపడదు. అసలు మెషిన్ మీద అంతకుముందు బూట్ కోడ్ వదిలిన చెత్త ఆ చోట ఉండొచ్చు. క్యూఈఎమ్‌యూ ఎమ్యులేటర్‌లో నడిచింది, మెషిన్ మీద నడవలేదు అన్నప్పుడు మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఎక్స్‌వీ6లోని ఎండ్ వల్ల మరో పాఠం తెలుస్తుంది. ఆ కెర్నెల్ మెమరీ అలొకేటర్, ఎండ్ దాటిన తర్వాతి పేజీ నుంచి 128 మెగాబైట్ల హద్దు దాకా ఉన్నదంతా ఖాళీ అని నమ్మి తన జాబితాలో వేసుకుంటుంది. వేసుకునేటప్పుడు ప్రతి పేజీలోని ప్రతి బైట్‌నూ 1తో నింపుతుంది. ఇప్పుడు ఎవరో ఒక వేరియబుల్‌ను కొత్త సెక్షన్‌లో పెట్టి, ఆ సెక్షన్ పేరు స్క్రిప్ట్‌లో రాయలేదనుకోవాలి. లింకర్ దాన్ని పారేయదు, తనకు తోచిన చోట పెడుతుంది. అది ఎండ్ దాటిన చోట పడితే, బూట్ అయిన కాసేపటికే ఆ వేరియబుల్ నిండా 1లు చేరతాయి. ఎన్ని ప్రింట్లు పెట్టి వెతికినా కోడ్‌లో తప్పు కనపడదు, ఎందుకంటే తప్పు కోడ్‌లో లేదు. ఆర్ఫన్-హ్యాండ్లింగ్ అనే ఆప్షన్‌కు ఎర్రర్ అని ఇస్తే, స్క్రిప్ట్‌లో లేని సెక్షన్ కనబడగానే లింకర్ ఆగి చెబుతుంది. సొంత కెర్నెల్ మేక్‌ఫైల్‌లో ఇది మొదటి నుంచే ఉండాలి.

స్క్రిప్ట్ చేతే కాపలా కాయించే మరో మార్గం అసర్ట్. కెర్నెల్ 512 కిలోబైట్లు దాటితే పింటోస్ స్క్రిప్ట్ లింకింగ్‌ను ఆపేస్తుంది. ట్రాంపొలీన్ కోడ్ సరిగ్గా ఒక పేజీలో ఇమడకపోతే ఎక్స్‌వీ6 స్క్రిప్ట్ ఆపేస్తుంది. మనసులో ఉన్న ప్రతి ఊహనూ ఇలా స్క్రిప్ట్‌లో రాసిపెట్టడం కెర్నెల్ పనిలో అత్యంత చవకైన రక్షణ.

6. అడ్రస్ పట్టలేదంటే దూరం కొలవాలి

రీలొకేషన్ ట్రంకేటెడ్ అన్న ఎర్రర్‌లో పేరు దొరికింది, అడ్రస్ కూడా తేలింది. కంపైలర్ ఎంచుకున్న ఇన్‌స్ట్రక్షన్‌లో ఆ అడ్రస్‌కు చోటు చాలలేదు. క్యూఈఎమ్‌యూ రిస్క్-ఫైవ్ మెషిన్‌లో మెమరీ సరిగ్గా రెండు గిగాబైట్ల గీత మీద మొదలవుతుంది. రిస్క్-ఫైవ్‌లో మెడ్‌లో అనే కోడ్ మోడల్ సున్నాకు అటూ ఇటూ రెండు గిగాబైట్ల లోపలే అందుకోగలదు. అంటే కెర్నెల్ మొదటి బైట్ నుంచే అందని చోట ఉంది. ఎక్స్‌వీ6 మేక్‌ఫైల్‌లో మెడ్‌ఎనీ అని రాసింది ఇందుకే. అప్పుడు దూరాన్ని సున్నా నుంచి కాక ప్రస్తుత ఇన్‌స్ట్రక్షన్ నుంచి కొలుస్తారు. 64 బిట్ల ఎక్స్86 లైనక్స్ తన కోడ్‌ను అడ్రస్ పరిధిలో చిట్టచివరి రెండు గిగాబైట్లలో పెట్టుకుని, కెర్నెల్ అనే కోడ్ మోడల్‌తో కంపైల్ చేయడం వెనక కూడా ఇదే లెక్క ఉంది.

దీని పక్కనే ఇంకో తికమక ఉంది. పింటోస్ కెర్నెల్ భౌతిక మెమరీలో 128 కిలోబైట్ల దగ్గర లోడ్ అవుతుంది. కానీ లింకర్ సింబళ్లకు ఇచ్చే అడ్రస్‌లు మూడు గిగాబైట్ల పైన ఉంటాయి. పేజింగ్ మొదలయ్యాకే ఆ పెద్ద అడ్రస్‌లకు అర్థం. అంతకుముందు నడిచే అసెంబ్లీలో ఏ సింబల్ వాడినా మూడు గిగాబైట్లు తీసేసి వాడాలి. బూట్ తొలి క్షణాల్లోనే మెషిన్ పదేపదే రీసెట్ అవుతుంటే ఆ తీసివేత ఎక్కడో తప్పిపోయి ఉండవచ్చు.

7. వీక్ సింబళ్లను కొద్దిగానే వాడాలి

ఒక ఫంక్షన్‌ను వీక్ అని గుర్తుపెడితే, అదే పేరుతో గట్టిది మరెక్కడైనా ఉంటే లింకర్ దాన్ని తీసుకుంటుంది, లేకపోతే వీక్‌తో సరిపెడుతుంది. ఒక్కో ప్రాసెసర్‌కు తగిన ఫంక్షన్ పెట్టుకోవడానికి లైనక్స్ దీన్ని బాగా వాడుతుంది. ఇబ్బంది ఎక్కడంటే, గట్టి ఫంక్షన్ ఉన్న ఫైలును బిల్డ్‌లో చేర్చడం మరచినా ఎర్రర్ రాదు. నిర్వచనమే లేని వీక్ పేరుకైతే లింకర్ సున్నా అడ్రస్ ఇస్తుంది. దాన్ని పిలిచే ముందు సున్నా కాదని చూసుకోవాలి.

8. మాడ్యూళ్ల దగ్గర లింకర్ పని కెర్నెలే చేస్తుంది

లైనక్స్‌లో మాడ్యూల్ రాసేవాళ్లకు నియమం ఇంకాస్త బిగుస్తుంది. మాడ్యూల్ ఖాళీలు నింపకుండానే డిస్క్ మీద ఉంటుంది. ఇన్‌స్‌మాడ్ కొట్టినప్పుడు నడుస్తున్న కెర్నెలే వాటిని నింపుతుంది. అప్పుడు ఎక్స్‌పోర్ట్-సింబల్ అని ప్రకటించిన పేర్లు మాత్రమే మాడ్యూల్‌కు దొరుకుతాయి. కెర్నెల్ లోపల పెద్ద టీతో ఉన్నా, ఎక్స్‌పోర్ట్ కాని పేరు మాడ్యూల్‌కు లేనట్టే. జీపీఎల్ అన్న తోకతో ఎక్స్‌పోర్ట్ అయిన పేర్లు, ఆ లైసెన్స్ ప్రకటించిన మాడ్యూళ్లకే అందుతాయి. పాత పాఠాల్లో కనిపించే కాల్‌సిమ్స్-లుకప్-నేమ్ అనే అడ్డదారి 2020లో 5.7 వెర్షన్ నుంచి మూతపడింది. దాని మీద ఆధారపడిన ఉదాహరణ కోడ్ పనిచేయకపోతే అది రాసినవాళ్ల పొరపాటు కాదు.

9. కూలిన కెర్నెల్‌ను సింబళ్లతోనే చదవాలి

పింటోస్ పానిక్ అయినప్పుడు కాల్ స్టాక్ అంటూ ఒక వరుస అంకెలు ముద్రిస్తుంది. ఆ అంకెలను చూసి బెంబేలెత్తనక్కర్లేదు. పింటోస్‌తో వచ్చే బ్యాక్‌ట్రేస్ అనే సాధనానికి కెర్నెల్-డాట్-ఓ పేరు, ఆ వెనక ఆ అంకెలు ఇస్తే, ఒక్కో అంకెకు ఫంక్షన్ పేరు, ఫైలు, వరుస నంబరు చెబుతుంది. లింకింగ్‌లో కుదిర్చిన సింబళ్ల పట్టికనే అది ఇక్కడ తిరగేసి చదువుతుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది కెర్నెల్-డాట్-బిన్ ఇవ్వడం. డిస్క్ మీదకు వెళ్లే ఆ ఫైలులోంచి సింబళ్లన్నీ ముందే తీసేసి ఉంటారు, అందులో వెతికితే ఏమీ దొరకదు. రెండోది ఇంకా ఏమరుపాటుగా జరిగేది. పానిక్ వచ్చాక కంగారులో ఒక ప్రింట్ చేర్చి మళ్లీ బిల్డ్ చేస్తారు. ఆ తర్వాత పాత అంకెలను కొత్త కెర్నెల్-డాట్-ఓతో పోల్చి చూస్తారు. ఒక్క వరుస చేరినా ఆ వెనకున్న ఫంక్షన్లన్నిటి అడ్రస్‌లూ జరుగుతాయి కాబట్టి, సాధనం ధీమాగా తప్పు పేర్లు చెబుతుంది, వాటి వెంటపడి గంటలు గడిచిపోతాయి. పానిక్ అయిన వెంటనే, కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టకముందే, ఆ కెర్నెల్-డాట్-ఓను, దాంతో పాటు లింకర్ మ్యాప్ ఫైలును వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, పానిక్ అంకెలను కూడా ఒక టెక్స్ట్ ఫైలులో అక్కడే పెట్టుకోవాలి. లైనక్స్‌లో ఇదే పనికి సిస్టమ్-డాట్-మ్యాప్ ఉంటుంది. ప్రతి బిల్డ్‌కూ దాని మ్యాప్ దానిదే.